వంటింటి సందేహాలు: గ్లాసు లెక్క, గ్రాము లెక్క

మామిడికాయలు మార్కెట్లోకి రాగానే నాకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. ఈసారి సగానికి పైగా ఉత్తరాల్లో ఒకటే గోల. గిన్నెతో చెబితే కిలోల్లో ఎంతో తెలియదు, కిలోల్లో చెబితే గ్లాసుతో ఎన్నో తెలియదు. హోంసైన్స్ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి ఆడపిల్లలకు ఈ పాఠమే చెప్పి రిటైరయ్యాను. ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాని పాఠం ఇది. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈ పేజీ మొత్తం కొలతలకే ఇస్తున్నాను.

ప్రశ్న: కప్పు అంటే ఎన్ని గ్రాములో ఒక పట్టిక ఇవ్వండి మేడమ్. కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకుంటాను.
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

పట్టిక ఇచ్చే ముందు మీ కప్పు సంగతి తేల్చాలమ్మా. అమెరికా వాళ్లు కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియాలో 250. జపాన్‌లో 200. మన ఇళ్లలో స్టీలు గ్లాసు ఈ మూడింటిలో ఏదీ కాదు. పెళ్లిలో పెట్టిన గ్లాసు ఒక సైజు, బేగంబజార్‌లో కొన్న సెట్టు ఇంకో సైజు. కాబట్టి ముందు ఒక పని చేయండి. ఖాళీ గ్లాసును డిజిటల్ కాంటా మీద పెట్టి, సున్నా బటన్ నొక్కి, అంచు దాకా నీళ్లు పోయండి. కాంటా ఎన్ని గ్రాములు చూపిస్తే మీ గ్లాసు అన్ని మిల్లీలీటర్లు. నీళ్లకు గ్రాము, మిల్లీలీటరు దాదాపు ఒకటే కాబట్టి ఈ లెక్క కుదురుతుంది. ఆ అంకెను గ్లాసు అడుగున మార్కర్‌తో రాసుకోండి. ఇక మీదట వంటకు అదే గ్లాసు వాడండి.

ఇప్పుడు 240 మి.లీ. కప్పుతో తలకొట్టి, అంటే అంచుకు సమంగా గీసేసి కొలిస్తే వచ్చే తూకాలు చెబుతాను. బియ్యం, కందిపప్పు, మినపగుళ్లు, చక్కెర, ఈ నాలుగూ 200 గ్రాములకు అటూ ఇటూ ఉంటాయి. బొంబాయి రవ్వ 170. గోధుమపిండి, మైదా 120 నుంచి 130. శనగపిండి 95 దాకా. పచ్చి కొబ్బరి తురుము అదమకుండా వేస్తే 80 నుంచి 90. నూనె, నెయ్యి 220. పాలు, పెరుగు 245. తేనె మాత్రం ఏకంగా 340. మీ గ్లాసు 300 మి.లీ. అయితే ఈ అంకెలకు పావు వంతు కలుపుకోండి. 180 అయితే పావు వంతు తీసేయండి.

ఫ్రిజ్‌కి అంటించే ముందు ఈ అంకెలను ఇంకోసారి చూడండి. గింజలన్నీ ఒకచోట ఉన్నాయి, పిండ్లన్నీ ఒకచోట ఉన్నాయి. కప్పు కొలిచేది చోటును, కాంటా కొలిచేది సరుకును. పిండిలో గాలి ఎక్కువ, అందుకే చోటు నిండినా సరుకు తక్కువే పడుతుంది. గింజ, రవ్వ మాత్రం దగ్గర దగ్గరగా తూగుతాయి కాబట్టి గ్లాసు మినపగుళ్లకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ అనే మన పాత లెక్కను కాంటా మీద వేసినా పెద్దగా తేడా రాదు. గింజకూ గింజకూ మధ్య లెక్క గ్లాసుతో ఉన్నా, కిలోతో ఉన్నా నడిచిపోతుంది. గింజకూ పిండికీ మధ్య, పిండికీ ఉప్పుకూ మధ్య లెక్క అయితే మాత్రం ఆగి చూసుకోవాలి. కింది ఉత్తరం చదివితే ఎందుకో తెలుస్తుంది.

ప్రశ్న: ఆవకాయకు మా అత్తగారి లెక్క ఐదు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు. ఆవిడ పెట్టింది ఏడాదంతా చెక్కు చెదరదు. పోయినేడు నేను ఇక్కడ రైతుబజార్‌లో 5 కిలోల ముక్కలు కొట్టించి కిలో కారం, కిలో ఆవపిండి, ముప్పావు కిలో ఉప్పు కలిపాను. నెల తిరక్కుండా బూజు పట్టింది. మామిడికాయ మంచిది కాదేమో అని అందరూ అంటున్నారు. ఈసారి ఏ కాయ కొనాలి?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

కాయను అనకండమ్మా. కొత్తపల్లి కొబ్బరి తెచ్చినా, జలాలు తెచ్చినా మీ ఉప్పు లెక్కతో పచ్చడి నిలవదు.

అత్తగారి గిన్నె అరలీటరు నీళ్లు పట్టేదనుకుందాం. దానిలో టెంకతో కొట్టిన ముక్కలు వేస్తే మధ్యలో ఖాళీలు ఉంటాయి కాబట్టి సుమారు 300 గ్రాములే పడతాయి. ఐదు గిన్నెలకు కిలోన్నర. అదే గిన్నెలో కారం సుమారు 250 గ్రాములు. అప్పుడే పట్టిన ఆవపిండి కూడా దాదాపు అంతే. ఇవన్నీ తేలిక సరుకులు. ఇప్పుడు ఉప్పు చూడండి. రాళ్లుప్పు, మన దగ్గర దొడ్డుప్పు అంటారు చూడండి, దాన్ని ఎండబెట్టి దంచి అదే గిన్నెలో పోస్తే 500 గ్రాములు దాటుతుంది. ముప్పావు గిన్నె అంటే 375 నుంచి 400. అంటే అత్తగారు కిలోన్నర ముక్కలకు దగ్గర దగ్గర 400 గ్రాముల ఉప్పు వేస్తున్నారు. కిలోకు పావు కిలో పైమాటే.

మీరు వేసింది కిలోకు 150 గ్రాములు. గిన్నె తీసేసి అక్కడ కిలో అని రాసుకోగానే ముక్కలు, కారం, ఆవపిండి లెక్క సుమారుగా నిలబడింది, ఎందుకంటే ఆ మూడింటి బరువూ గిన్నెకు దగ్గర దగ్గరగా ఉంటుంది. ఉప్పు ఒక్కటే వాటికి రెట్టింపు బరువు కాబట్టి, అది దాదాపు సగానికి పడిపోయింది. పచ్చడిని కాపాడేదే ఉప్పు. అది సగమైతే కారం ఎంత ఘాటుగా ఉన్నా, ఆవపిండి ఎంత కొత్తదైనా బూజును ఆపలేవు.

దీనికి తలకిందులైన తప్పు కూడా ఉత్తరాల్లో చూస్తుంటాను. తూకం లెక్కన చెప్పేవాళ్లు చాలామంది "కారం, ఆవపిండి, ఉప్పు మూడూ సమానం" అంటారు. కిలో ముక్కలకు తలా పావు కిలో అన్నమాట. దాన్ని పట్టుకుని గిన్నెతో సమానంగా కొలిస్తే ఉప్పు రెట్టింపు అవుతుంది. ఆ పచ్చడి పాడవదు గానీ నోట్లో పెట్టుకోలేం. కాబట్టి ఎవరి దగ్గరైనా పచ్చడి లెక్క రాసుకునేటప్పుడు ముందు అడగాల్సింది "కొలతా, తూకమా" అని. ఆ ఒక్క మాట రాసుకోకపోతే మిగతా అంకెలు ఎన్ని రాసుకున్నా దండగే.

ఉప్పులోనూ తేడాలున్నాయి. ప్యాకెట్టులో వచ్చే సన్న ఉప్పు గిన్నె నిండా పోస్తే 600 గ్రాములు తూగుతుంది. దంచని దొడ్డుప్పు పలుకుల మధ్య ఖాళీల వల్ల 500 లోపే ఉండొచ్చు. ముప్పావు గిన్నె అన్నప్పుడు ఏ ఉప్పు అనేది తెలియకపోతే 100 గ్రాములు అటూ ఇటూ అయిపోతుంది. అందుకే నా మాటగా చెబుతున్నాను, పచ్చడిలో మిగతావన్నీ గిన్నెతో కొలుచుకోండి, అభ్యంతరం లేదు. ఉప్పును మాత్రం కాంటా మీదే పెట్టండి. కిలో ముక్కలకు 250 గ్రాములు. ఉప్పు తగ్గించి తినాలనుకునేవాళ్లు కూడా 200 కంటే కిందికి దిగకండి. దిగాలనుకుంటే అది ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తినేసే పచ్చడి అవుతుంది, ఏడాది పచ్చడి కాదు.

నూనె కూడా చూసుకోండి. కిలో ముక్కలకు అరలీటరు నువ్వుల నూనె గానీ, పల్లీ నూనె గానీ పడుతుంది. మూడో రోజు కలిపినప్పుడు ముక్క మునిగి పైన నూనె తేలాలి. తేలకపోతే ఇంకాస్త పోయండి. మార్కెట్లో ముక్కలు కొట్టించినప్పుడు అక్కడే తూకం వేయించి, ఇంటికి వచ్చి జీడి తీసి, పొర ఒలిచి, పొడి బట్టతో తుడిచాక మళ్లీ తూకం వేయండి. ఉప్పు లెక్క కట్టాల్సింది ఈ రెండో తూకం మీద.

ఇంకో మాట. జాడీలో మిగిలి ఉంటే బూజు పట్టిన భాగం తీసేసి కింది పచ్చడి వాడుకుందామని ఆలోచించకండి. పైన తెల్లగా కనిపించేది కొంతే, కంటికి కనిపించనిది లోపలికి పాకి ఉంటుంది. కష్టపడి పెట్టిన పచ్చడిని పారేయడం ఎంత బాధో నాకు తెలుసు. అయినా పారేయాల్సిందే.

ప్రశ్న: ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో ఇచ్చిన ప్లాస్టిక్ కప్పు పగిలిపోయింది. టీ కప్పుతో పోస్తుంటే గిన్నెలోని గీతలకు నీళ్లు సరిపోవడం లేదు.
– ఒక పాఠకుడు, ఉప్పల్

ఆ కప్పు చాలా కుక్కర్లకు 180 మి.లీ. ఉంటుంది. జపాన్‌లో బియ్యం కొలిచే పాత కొలత అది. రైస్ కుక్కర్ అక్కడి నుంచి వచ్చింది కాబట్టి కప్పు కూడా వెంట వచ్చింది. దానిలో మన సోనా మసూరి 150 గ్రాములు పడుతుంది. గిన్నె లోపలి గీతలన్నీ ఆ కప్పు లెక్కనే గీసినవి. మూడో గీత అంటే అలాంటి మూడు కప్పుల బియ్యానికి పోయాల్సిన నీళ్లు. కొత్త కప్పు కొననవసరం లేదు. కాంటా మీద 450 గ్రాముల బియ్యం పోసి, కడిగి, మూడో గీత దాకా నీళ్లు పట్టండి. అంతే.

బియ్యం తూకం వేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు అనే లెక్కను కిలో బియ్యానికి రెండు లీటర్లు అని మార్చేస్తుంటారు. కిలో బియ్యం 1.2 లీటర్ల చోటు పడుతుంది. రెండింతల నీళ్లంటే 2.4 లీటర్లు పోయాలి. ఆ తగ్గిన 400 మి.లీ. వల్లే అన్నం పలుకుగా మిగిలిపోతుంది. కొత్త బియ్యమైతే ఆ తగ్గిన నీళ్లే సరిపోవచ్చు. పాత బియ్యానికి సరిపోవు.

ప్రశ్న: ఆంటీ, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆదివారాలు కేకులు చేస్తుంటాను. అమెరికా వాళ్ల వీడియోలు చూసి, 240 మి.లీ. కప్పులు కొని మరీ కొలుస్తున్నాను. అయినా కేకు గట్టిగా, పొడిపొడిగా వస్తోంది.
– ఒక యువకుడు, మియాపూర్

కప్పు సరైనదే బాబూ, నింపే తీరు చూసుకోవాలి. కప్పును నేరుగా మైదా డబ్బాలో ముంచి తీస్తే పిండి అదిమినట్టై 140, 150 గ్రాములు వచ్చేస్తుంది. పిండిని ముందు చెంచాతో కదిపి, చెంచాతోనే కప్పులో పోసి, పైన చాకు వెనక వైపుతో తలకొడితే 120, 125 వస్తుంది. రెండు కప్పుల మైదా కేకులో ఇది 50 గ్రాముల తేడా. కేకు గట్టిపడటానికి అది చాలు. వీడియో కింద గ్రాములు కూడా ఇచ్చి ఉంటే కప్పులు పక్కన పెట్టి గ్రాములే పాటించు. ఇవ్వకపోతే కప్పు మైదాను 125 గ్రాములుగా లెక్క కట్టు.

గుడ్లు కూడా చూడు. అమెరికా వంటల్లో లార్జ్ అనే గుడ్డు పెంకుతో సుమారు 57 గ్రాములు, పెంకు తీస్తే 50. మన కిరాణా షాపులో తెచ్చే గుడ్డు చాలాసార్లు అంతకంటే చిన్నది. మూడు గుడ్లు అని ఉంటే పగలగొట్టి తూకం వేసి 150 గ్రాములు చేసుకో. తగ్గితే నాలుగోది గిలకొట్టి తక్కువైనంత కలుపు. వెన్న కప్పు అంటే 227 గ్రాములు. ఔన్స్ అని ఉన్నచోట జాగ్రత్త. తూకం ఔన్సు 28 గ్రాములు, ద్రవాల ఔన్సు 30 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ. నీళ్లకు, పాలకు రెండూ దాదాపు ఒకటే అయినా, చాక్లెట్ ముక్కలను ద్రవాల ఔన్సుతో కొలిస్తే లెక్క పూర్తిగా తప్పుతుంది.

ప్రశ్న: మా నాయనమ్మ రాసుకున్న నోటుబుక్కు దొరికింది. అరిసెలకు "శేరు బియ్యం, అరశేరు పైన బెల్లం, వీశెడు నెయ్యి" అని ఉంది. శేరంటే ఎంతండీ? ఆవిడది గుంటూరు వైపు. మేము పుట్టి పెరిగింది హిమాయత్‌నగర్.
– ఒక పాఠకురాలు, హిమాయత్‌నగర్

ఆ నోటుబుక్కును జాగ్రత్త చేయండి. ప్రతి పేజీకి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కాగితం పెళుసుబారితే మళ్లీ దొరకదు.

శేరు అన్న మాట వినగానే ఒక అంకె చెప్పలేం. 80 తులాల శేరు ఉంది. తులం 11.66 గ్రాములు కాబట్టి అది 933 గ్రాములు. మద్రాసు రాష్ట్రంలో నడిచిన శేరు 24 తులాలే, అంటే 280 గ్రాములు. అలాంటి ఐదు శేర్లు ఒక వీశె, 1,400 గ్రాములు. ఎనిమిది వీశెలు మణుగు. గుంటూరు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనిదే కాబట్టి, నోటుబుక్కులో శేరు పక్కనే వీశె కూడా ఉంది కాబట్టి, నాయనమ్మ తూకం రాసి ఉంటే అది చిన్న శేరే అవుతుంది. అయితే శేరును తూకానికే కాదు, గింజలు కొలిచే పాత్రకు కూడా వాడేవాళ్లు. బియ్యం దగ్గర ఉన్నది ఏ శేరో నోటుబుక్కులో మిగతా వంటలు చదివితే మీకే తడుతుంది. నూనె, నెయ్యి, బెల్లం దగ్గర వీశెలు, పలాలు కనిపిస్తే తూకం. పలం అంటే 3 తులాలు, 35 గ్రాములు. బియ్యం, పప్పుల దగ్గర సోలలు, తవ్వలు, మానికలు కనిపిస్తే కొలపాత్ర. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఈ వరస చాలాచోట్ల ఇదే గానీ, మానిక సైజు ఊరును బట్టి మారేది. మెట్రిక్ తూకాలు 1958 అక్టోబర్ నుంచి అమల్లోకి రావడం మొదలయ్యాక ఈ పాత్రలు అంగళ్లలోంచి పోయాయి, ఇళ్లలో మాత్రం చాలాకాలం ఉన్నాయి. మీ బంధువుల ఇళ్లలో అటకల మీద సోల గానీ, తవ్వ గానీ ఉందేమో అడగండి. దొరికితే నీళ్లు పోసి తూకం వేయండి. నాయనమ్మ నోటుబుక్కుకు అదే తాళంచెవి.

అరిసెల వరకు మీకు పెద్ద ఇబ్బంది లేదు. బియ్యం, బెల్లం రెండూ తూకంలో ఉంటే శేరు ఏదైనా పాళ్లు మారవు. కిలో బియ్యానికి అరకిలో నుంచి ముప్పావు కిలో బెల్లం. నెయ్యి అంత రాశారంటే వేయించడానికి కడాయిలో పోసేది కూడా కలిపి రాసినట్టు.

ప్రశ్న: సారెకు సకినాలు చేయాలి. కిలో బియ్యం నానబోసి, తడి పిండి పట్టించాను. గిర్నిలో తూకం వేస్తే కిలో మూడు వందలు ఉంది. ఉప్పు, నువ్వులు ఏ లెక్కన వేయాలక్కా?
– ఒక సోదరి, మల్కాజ్‌గిరి

పెరిగిన మూడు వందలూ నీళ్లే. ఉప్పు, నువ్వులు, వాము అన్నీ పొడి బియ్యం కిలో లెక్కనే వేయండి. ఉప్పు 20 నుంచి 25 గ్రాములు, నువ్వులు పావు కిలోకు మించకుండా. నానిన బియ్యం తన బరువులో పావు నుంచి మూడో వంతు దాకా నీళ్లు పీల్చుకుంటుంది. ఎంత పీల్చుకుంటుందో బియ్యం పాతదనాన్ని బట్టి, ఆరబెట్టిన సేపును బట్టి మారుతుంది. అందుకే మన పెద్దవాళ్లు సకినాలకైనా, అరిసెలకైనా పిండితో కాకుండా బియ్యంతో లెక్క చెబుతారు.

ప్రశ్న: నూనె లీటరు ప్యాకెట్టు 150 రూపాయలు, ఇంకో కంపెనీది కిలో 160 రూపాయలు. ఏది లాభం?
– ఒక పాఠకుడు, వారాసిగూడ

లీటరు నూనె సుమారు 910 గ్రాములు. ఆ లెక్కన మొదటిది కిలో 165 రూపాయలు పడుతుంది. కిలో ప్యాకెట్టే చవక. ప్యాకెట్టు మీద లీటర్లతోపాటు గ్రాములు కూడా ఉంటాయి, పోల్చేటప్పుడు ఎప్పుడూ గ్రాములే చూడండి. ఒకే సైజులో కనిపించే ప్యాకెట్లలో ఒకదాని మీద 910 గ్రాములు, పక్కదాని మీద అంతకంటే తక్కువ ఉండొచ్చు. నెయ్యికీ ఇదే లెక్క. అరలీటరు సీసాలో ఉండేది 455 గ్రాములు, అరకిలో కాదు.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఫోన్‌లో వంట చెప్పమంటుంది. నేనేమో చారెడు, గుప్పెడు, చిటికెడు అంటాను. "మమ్మీ, గ్రాముల్లో చెప్పు" అని విసుక్కుంటుంది. నా చేతి కొలత గ్రాముల్లో ఎట్లా చెప్పేది?
– ఒక తల్లి, వనస్థలిపురం

మీ చేతిని మార్చుకోకండి. మీరు ఎప్పటిలాగే వండండి, కాంటానే మీ వెంట రానివ్వండి.

పద్ధతి చాలా సులువు. కందిపప్పు డబ్బా మూత తీసి కాంటా మీద పెట్టి సున్నా చేయండి. మామూలుగా ఎంత తీస్తారో అంతే చేత్తో తీసి గిన్నెలో వేయండి. ఇప్పుడు కాంటా మైనస్ 90 అనో, మైనస్ 110 అనో చూపిస్తుంది. మీ గుప్పెడు అదే. రాసుకోండి. తర్వాత చింతపండు డబ్బా, తర్వాత ఉప్పు డబ్బా, బెల్లం డబ్బా. ఇలా చేస్తే కొలుస్తున్నామన్న ధ్యాసలో చెయ్యి తడబడదు. గిన్నెను కాంటా మీద పెట్టి అందులో వేస్తుంటే అంకె చూస్తూ చెయ్యి ఆగిపోతుంది, అది మీ అసలు కొలత కాదు. డబ్బా నుంచి తీయడంలోనే మీ కొలత నిజంగా బయటపడుతుంది.

ఒకే వంటను రెండు మూడు వారాలు అలా రాయండి. అంకెలు కొద్దిగా మారతాయి. మారినప్పుడు ఎందుకు మారిందో పక్కన రాయండి. చింతపండు కొత్తది కాబట్టి తక్కువ తీశాను, టమాటాలు పులుపుగా ఉన్నాయి కాబట్టి తగ్గించాను అని. అమ్మాయికి గ్రాముల కంటే ఈ మాటలే ఎక్కువ పనికొస్తాయి. అక్కడ దొరికే చింతపండు వేరు, కారం వేరు. 25 గ్రాముల చింతపండు అని మాత్రమే రాస్తే ఆ పులుసు అక్కడ వేరేగా వస్తుంది, తప్పు ఎక్కడుందో తనకు తెలియదు.

చిటికెడును మామూలు కాంటా చూపించలేదు, ఒక గ్రాము లోపు దాని కంటికి ఆనదు. పది చిటికెళ్ల పసుపు ఒక కాగితం మీద వేసి తూకం చూసి పదితో భాగించండి. లేదా కొలత చెంచాల సెట్టులో ఉండే పావు టీ స్పూన్ నింపి, మీ చిటికెడు దానిలో ఎంత భాగమో చూసి చెప్పండి. పసుపు, కారం, ఇంగువ, వంట సోడా లాంటి వాటికి చెంచాలే మేలు. కొలత టీ స్పూన్ 5 మి.లీ., టేబుల్ స్పూన్ 15 మి.లీ., మీ అమ్మాయి దగ్గర ఉన్నవీ అవే. ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం అక్కడి టేబుల్ స్పూన్ 20 అని గుర్తుంచుకోవాలి. టీ స్పూన్ సన్న ఉప్పు 6 గ్రాములు, చక్కెర 4 గ్రాములు, కారం రెండున్నర గ్రాములు. మన ఇంట్లో టీ కలిపే చెంచాకు, పోపుల డబ్బాలో చెంచాకు ఈ కొలత ఉండదు, వాటితో చెప్పకండి.

మీ అమ్మాయి విసుక్కుంటోందని బాధపడొద్దు. అడుగుతోంది కాబట్టే విసుక్కుంటోంది. ఈ ఎండాకాలం సెలవుల్లో కాంటా ఒకటి కొనుక్కుని, పప్పుచారుతో మొదలుపెట్టండి. రాసింది నాకూ పంపితే ఈ పేజీలో వేస్తాను.

ప్రశ్న: ఇంటికి ఎలాంటి కాంటా కొనాలి? అది సరిగ్గా చూపిస్తోందో లేదో ఎట్లా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

5 కిలోల దాకా తూచేది, ఒక్కో గ్రాము చూపించేది, సున్నా చేసే బటన్ ఉన్నది చాలు. పెద్ద గిన్నె పెట్టినా అంకెలు కనిపించాలి, పళ్లెం అంకెల మీదికి రాకూడదు. గట్టి, సమమైన గట్టు మీద పెట్టండి, ప్లాస్టిక్ షీటు మీద వద్దు. ఫ్యాను గాలి నేరుగా తగిలినా అంకెలు ఆడతాయి. బ్యాటరీ అయిపోవస్తుంటే తూకం తప్పొచ్చు, మినుకుమినుకుమంటుంటే మార్చేయండి.

పరీక్షకు రూపాయి ఖర్చు అక్కర్లేదు. 20 రూపాయల నాణెం 8.54 గ్రాములు. అలాంటివి ఐదు పెడితే 42.7 కావాలి. కాంటా 42 గానీ, 43 గానీ చూపిస్తే బాగున్నట్టే. చిన్న తూకం సరిపోయాక పెద్దది చూడాలి. విప్పని కిలో ఉప్పు ప్యాకెట్టు పెడితే కవరు బరువుతో కలిపి కిలో కంటే నాలుగైదు గ్రాములు ఎక్కువ చూపించాలి. ఒకటి కాకుండా రెండు వేర్వేరు ప్యాకెట్లు పెట్టి చూడండి. రెండూ ఒకేలా తక్కువ చూపిస్తే ప్యాకెట్లది కాదు, కాంటాది లోపం. బిల్లు ఉండగానే మార్పించుకోండి.